గేదె పాలు తగ్గాయా? దాణా మార్చేముందు నాలుగు గ్లాసులు తీసుకోండి

గేదె పాలు తగ్గాయనగానే మనవాళ్ళు చేసే మొదటి పని మందుల షాపుకెళ్ళి కాల్షియం డబ్బా తెచ్చుకోవడం, రెండోది దాణాలో ఇంకో కేజీ పత్తిచెక్క కలపడం, మూడోది దిష్టి తీయించడం. పొదుగు దగ్గర కూర్చుని నాలుగు చన్నుల పాలూ విడివిడిగా చూసేవాళ్ళు మాత్రం నాకు కనపడట్లేదు. పైసా ఖర్చు లేని పని, అయిదు నిమిషాల పని, అయినా అందరూ దాన్నే వదిలేస్తున్నారు, అందుకే ఇదంతా రాస్తున్నా.

నేను పశువుల డాక్టర్ని కాదు. చిన్నప్పట్నుంచి గేదెల మధ్యే పెరిగా, ఇప్పటికీ రెండు పూటలా నేనే పితుకుతా, చుట్టుపక్కల ఎవరి గేదె తేడా చేసినా ముందు నన్ను పిలుస్తారు. మేత, నీళ్ళు, పురుగుల మందు, ఎద, చూడి ఇవన్నీ మీరు ఇప్పటికే చూసుకున్నారనే అనుకుని రాస్తున్నా. చూడి నెలలు నిండుతున్న గేదె పాలు తగ్గించడం మామూలే, దానికి మందు వెతకొద్దు.

పొదుగు ఒకటి కాదు, నాలుగు

ఇది బుర్రలో కూర్చుంటే సగం సమస్యలకి దారి దొరుకుతుంది. బయటికి ఒకే సంచిలా కనపడుతుంది గానీ లోపల నాలుగు వేరు వేరు కుండలు అది. ఎడమకీ కుడికీ మధ్య పైనుంచి కిందకి ఒక గట్టి పొర ఉంటుంది, పొదుగు బరువు ఎక్కువగా మోసేది కూడా అదే, ముసలి గేదెల్లో అది సాగిపోయే పొదుగు వేలాడుతుంది. ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య అలాంటి గోడ కనపడదు, కానీ పాలు వచ్చే నాళాలు మాత్రం వేరు. ముందు చన్ను ఎంత పితికినా వెనక భాగంలో పాలు అందులోకి రావు. నాలుగిట్లో వెనక రెండే ఎక్కువిస్తాయి, మొత్తం పాలల్లో దాదాపు 60 శాతం వాటివే. మేకకీ గొర్రెకీ అయితే రెండే భాగాలు.

ప్రతి భాగంలో పైన జొన్నకంకి గింజల్లా సన్నటి తిత్తులు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, పాలు తయారయ్యేది వాటిల్లోనే. ఒక్క లీటరు పాలు తయారవ్వాలంటే 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులోంచి తిరగాలి, అంత పని జరుగుతుంది అక్కడ. ఆ తిత్తుల్లోంచి నాళాల్లోకి, నాళాల్లోంచి చన్ను పైనున్న చిన్న గదిలోకి, అక్కణ్ణుంచి చన్ను రంధ్రం గుండా బయటికి. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా మనకి బయటికి కనపడేది ఒకటే, బకెట్లో పాలు తక్కువ. అందుకే బకెట్ చూసి జబ్బు చెప్పడం కుదరదు.

పొదుగు నిండుగా ఉంది, పితికితే రావట్లేదు

ఇది ఎగచేపడం, అంటే గేదె పాలు చన్నుల్లోకి దింపకుండా (చేపకుండా) పైనే ఆపేసుకోవడం. దీనికి కాల్షియంతో సంబంధం లేదు.

ఆవుకి చన్ను పైనున్న గదిలో సుమారు 20 శాతం పాలు ముందే దిగి ఉంటాయి, అందుకని అది చేపకముందే మొదటి ధారలు వచ్చేస్తాయి. గేదెకి అక్కడ ఉండేది 5 శాతమే, మిగతా 95 శాతం పైన తిత్తుల్లోనే ఉంటుంది. అంటే గేదె చేపితేనే పాలు, చేపకపోతే ఏమీ లేనట్టే. దూడ పొడిచినప్పుడో, చన్ను తుడిచినప్పుడో, దాణా తట్ట చప్పుడు విన్నప్పుడో మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వదుల్తుంది, అది తిత్తుల చుట్టూ ఉన్న కండని బిగించి పాలని కిందకి తోస్తుంది. ఆవు ఒక నిమిషంలో చేపేస్తే గేదెకి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కొన్నిటికి ఎనిమిది పది కూడా. ఆ హార్మోను రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే, అందుకని చేపిన తర్వాత ఫోన్ మోగిందని లేచి వెళ్ళకూడదు, ఆరేడు నిమిషాల్లో పితకడం అయిపోవాలి.

భయపడినా నొప్పి పుట్టినా దీనికి ఎదురు పనిచేసే హార్మోను వస్తుంది, పాలు పైనే ఆగిపోతాయి. కొత్త మనిషి పితకడం, కొట్టడం, కుక్క రావడం, కొట్టం మార్చడం, పక్కింట్లో పెళ్ళి మైకు, ఇవే కారణాలు. పరిష్కారం ఓపికే. అదే మనిషి, అదే టైము, అదే వరస. దూడ చచ్చిపోయిన గేదె అయితే దాణా ముందు పెట్టి గోరువెచ్చని నీళ్ళతో పొదుగు తుడుస్తూ రెండు మూడు నిమిషాలు మెత్తగా నిమరండి, వారం పది రోజుల్లో అలవాటు పడుతుంది.

రోజూ ఆ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేసి చేపించే పద్ధతి మాత్రం మానెయ్యండి. అలవాటయ్యాక అది లేకుండా చేపదు. పాలు పెంచడానికని పశువు ఆరోగ్యం చెడిపోయేలా సూది వెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

పొదుగు బాగానే ఉంది, వాపు లేదు, జ్వరం లేదు, పాలు తెల్లగానే ఉన్నాయి, అయినా రోజురోజుకీ తగ్గుతున్నాయి

నన్ను దెబ్బ కొట్టింది ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తా.

రెండో ఈత ముర్రా గేదె, ఈనిన మూడో నెల, రెండు పూటలా కలిపి 11 లీటర్లు ఇచ్చేది. మెల్లగా పది, తొమ్మిదిన్నర, అలా అలా నెల తిరిగేసరికి 8కి వచ్చింది. మేత బాగా తింటోంది, నెమరు బాగుంది, పేడ బాగుంది. పొదుగు పట్టుకుంటే మెత్తగా ఉంది. నేను అందరూ చేసేదే చేశా, కాల్షియం పట్టా, పురుగుల మందు వేశా, లివర్ టానిక్ తెచ్చా, దాణా మార్చా, పచ్చిగడ్డి పెంచా. పాల కేంద్రంలో వెన్న శాతం బానే వస్తోంది గానీ ఎస్ఎన్ఎఫ్ (వెన్న, నీళ్ళు పోగా పాలల్లో మిగిలే గట్టి పదార్థం) కొద్దికొద్దిగా పడిపోతోంది, నేనేమో నీళ్ళు కలిపానని అనుకుంటారేమో అని బాధపడి, వాళ్ళ మిషన్ తేడా అని వాదన కూడా పెట్టుకున్నా. మిషన్‌ది ఏ తప్పూ లేదు, అది ఉన్నదున్నట్టే చెప్తోంది.

మా ఆవిడ అప్పటికే ఒకసారి అంది, "ఏవండీ, దూడ వెనక ఎడమ చన్ను ఇట్టే పట్టి వదిలేస్తోంది, మిగతా మూడూ గుడుస్తోంది" అని. నేను పట్టించుకోలా. ఆ మాట ఆరోజే వినుంటే ఆ నెల రోజులు పోయేవి కావు.

మా చెల్లెలి కొడుకు పశువుల పాలిటెక్నిక్ చదువుతున్నాడు, పండక్కి వచ్చి సాయంత్రం పితికే టైముకి కొట్టం దగ్గరికొచ్చాడు. విషయం చెప్తే "మావయ్యా, నాలుగు గాజు గ్లాసులూ కొంచెం సర్ఫూ ఇప్పించు" అన్నాడు. నాలుగు చన్నుల పాలూ నాలుగు గ్లాసుల్లో కొంచెం కొంచెం పిండాడు, అన్నీ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి. సర్ఫు నీళ్ళు అంతే కొలత పోసి గ్లాసు చేత్తో గుండ్రంగా తిప్పాడు. మూడు గ్లాసుల్లో నీళ్ళలా తిరిగాయి. వెనక ఎడమ చన్ను గ్లాసులో మాత్రం పాలు బెండకాయ జిగురులా అయ్యి ఒక ముద్దగా కదిలాయి, గ్లాసు వంచితే ఆ ముద్దంతా ఒకేసారి జారింది. అప్పటిదాకా అవే పాలు మేం కాచుకుని తాగుతున్నాం.

దీన్ని లోపలి పొదుగువాపు అంటారు, సబ్ క్లినికల్ మాస్టైటిస్. సూక్ష్మజీవి చన్ను రంధ్రం లోంచి ఎక్కి ఒక భాగంలో కూర్చుంటుంది, శరీరం దాని మీదకి తెల్ల రక్తకణాల్ని పంపిస్తుంది, ఆ పోరాటమంతా లోపలే జరుగుతుంది, బయటికి వాపు కనపడదు. ఈ లోపల పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి, చచ్చిపోయిన చోట మచ్చ కట్టేస్తుంది, మచ్చ కట్టిన తిత్తి ఆ ఈతలో మళ్ళీ పాలివ్వదు. తిత్తి గోడలు లీకై రక్తంలో ఉప్పు పాలల్లోకి వస్తుంది, పాలల్లో ఉండాల్సిన లాక్టోజ్ తగ్గిపోతుంది, ఎస్ఎన్ఎఫ్ పడిపోయేది అందుకే. ఆ చన్ను పాలకి చిన్న ఉప్పదనం కూడా వస్తుంది, కానీ పచ్చిపాలు నాలుక మీద వేసుకుని చూడొద్దు, బ్రుసెల్లోసిస్ లాంటి జబ్బులు మనకి అంటుకుంటాయి.

ఇంత జరుగుతున్నా మనకి తెలియకపోవడానికి కారణం బకెట్. నాలుగు భాగాల పాలూ ఒకే బకెట్లో కలిపేస్తాం, మూడు మంచివి ఒక చెడ్డదాన్ని కప్పేస్తాయి. నాలుగు కుండలని ముందు చెప్పింది ఇందుకే.

పరీక్ష ఇలా చెయ్యండి. లీటరు నీళ్ళకి 30 గ్రాముల బట్టల సర్ఫు పొడి కలిపి నురగ దిగేదాకా ఉంచండి. పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడిచి, ప్రతి చన్నులో మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసెయ్యండి, కింద నేల మీద మాత్రం పిండొద్దు, జబ్బుంటే కొట్టమంతా పాకుతుంది. తర్వాత ఒక్కో చన్నుకి ఒక్కో గ్లాసు, రెండు మూడు చెంచాల పాలు చాలు, ఏ గ్లాసు ఏ చన్నుదో ముందే గుర్తు పెట్టుకోండి. పాలు ఎంతో సర్ఫు నీళ్ళు అంతే పోసి అర నిమిషం నెమ్మదిగా తిప్పండి, గిలక్కొట్టొద్దు. నీళ్ళలా తిరిగితే మంచిది. అడుగున తీగలా సాగితే మొదలైందని అర్థం. ముద్ద కడితే బాగా ముదిరింది. సర్ఫు ఆ తెల్ల కణాల్ని పగలగొడుతుంది, లోపలి పదార్థం బయటికొచ్చి చిక్కబడుతుంది, కణాలు ఎంత ఎక్కువైతే జిగురు అంత ఎక్కువ. ఆవు పాలల్లో మిల్లీలీటరుకి 2 లక్షల కణాలు దాటితే అనుమానించాలంటారు, గేదెకీ దాదాపు అదే లెక్క. మందుల షాపులో ఇదే పరీక్షకి తయారుగా ఉండే సీఎంటీ కిట్టు దొరికితే ఇంకా మంచిది, పని చేసే పద్ధతి ఒకటే. అయ్యాక ఆ గ్లాసుల్లో పాలు పారబోసి గ్లాసులు వేడినీళ్ళతో కడగండి.

ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. ఈనిన మొదటి వారం, అంటే జున్నుపాల రోజుల్లోనూ, ఒట్టిపోయే ముందూ నాలుగు చన్నుల పాలూ కొంచెం చిక్కబడొచ్చు. అప్పుడు కంగారు పడొద్దు. నాలుగూ ఒకేలా ఉంటే వారం ఆగి మళ్ళీ చూడండి, ఒక్కటే తేడాగా ఉంటే మాత్రం అది జబ్బే.

తేలాక ఏం చెయ్యాలి? చన్ను రంధ్రంలోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబు కొని మీరే ఎక్కించెయ్యొద్దు, నేను బతిమాలి చెప్తున్నా. ఏ సూక్ష్మజీవో తెలియకుండా వేసిన యాంటీబయాటిక్ పనిచెయ్యకపోగా దాన్ని మొండిగా చేస్తుంది. కొన్ని రకాలు మందుకి తొందరగా లొంగుతాయి గానీ స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటిది పొదుగు లోపల గడ్డలు కట్టుకుని దాక్కుంటుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తుంది. శుభ్రంగా తీసిన పాలు ఐసులో పెట్టి డాక్టరు గారి ద్వారా ల్యాబుకి పంపిస్తే ఏ మందు పనిచేస్తుందో చెప్తారు. మా గేదెకి పాలిచ్చే రోజుల్లో డాక్టరు గారు ట్యూబు వెయ్యలేదు. ఆ చన్నుని రోజుకి నాలుగైదు సార్లు పూర్తిగా ఖాళీ చెయ్యమన్నారు, ట్రైసోడియం సిట్రేట్ పొడి ఆయన చెప్పిన కొలతలో కొన్ని రోజులు దాణాలో పెట్టాం, ఒట్టిపోయే రోజున నాలుగు చన్నుల్లోనూ దీర్ఘకాలం పనిచేసే ట్యూబులు ఆయనే వేశారు. పాలు లేని ఆ రెండు నెలల్లో మందు బయటికి కొట్టుకుపోకుండా లోపలే ఉండి పనిచేస్తుంది, పాత జబ్బు వదలడానికి అదే సరైన టైము. ఒట్టిపోయే కాలం రెండు నెలలు ఇవ్వకుండా ఈనే ముందురోజు దాకా పితికేవాళ్ళు ఈ అవకాశాన్ని పోగొట్టుకుంటున్నారు.

పాలిచ్చే రోజుల్లో ఏ మందు వేసినా పెట్టె మీద రాసినన్ని రోజులు ఆ గేదె పాలు, ఒక్క చన్నువి కాదు, మొత్తం నాలుగువీ కేంద్రానికి పొయ్యకూడదు. వేరే పిల్లలు తాగుతారు ఆ పాలు.

ఇక ఇది ఎక్కడినుంచి వచ్చిందంటే, నా చేతిలోంచే. నేను బొటనవేలు మడిచి పితికేవాణ్ణి, మా నాన్న అలాగే పితికేవాడు, చేతికి తేలిక. గేదె చన్ను రంధ్రం బిగువు, ఆవు కన్నా గట్టిగా పిండాలి, మడిచిన వేలు చన్నుని ఎముకకేసి నొక్కినట్టు లోపలి పొరని నలిపేస్తుంది, నలిగిన చోట జబ్బు తేలిగ్గా కూర్చుంటుంది. పిడికిలి నిండా చన్ను పట్టుకుని పైవేలు నుంచి కిందకి ఒక్కొక్కటిగా మూస్తూ పితకాలి. ఇంకోటి, అన్ని గేదెలకీ ఒకే తడిగుడ్డ వాడేవాణ్ణి. ఇప్పుడు గేదెకో గుడ్డ, తేడా ఉన్న గేదెని ఆఖరున పితుకుతా, దానిలోనూ తేడా ఉన్న చన్ను ఆఖరున.

పితికిన తర్వాత చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంట నుంచి గంట దాకా కొంచెం తెరుచుకునే ఉంటుంది. ఆ టైములో గేదె పేడలో పడుకుంటే ఇక చెప్పేదేముంది. అందుకని పితకడం అవ్వగానే పోవిడోన్ అయోడిన్‌లో కొంచెం గ్లిజరిన్ కలిపిన చిన్న కప్పులో నాలుగు చన్నులూ ముంచండి, పచ్చిగడ్డి ముందు వెయ్యండి, తింటూ నిలబడి ఉంటుంది. దాణా పితికేటప్పుడు, గడ్డి పితికాక, ఈ వరస మార్చకండి.

పొదుగు వాచింది, ముట్టుకోనివ్వట్లేదు, పాలల్లో పెరుగు ముక్కలు

ఇది బయటపడ్డ పొదుగువాపు, దీన్ని అందరూ గుర్తుపడతారు. ఆ పూటే డాక్టరుకి చెప్పండి, రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే వ్యాను వస్తుంది. వచ్చేదాకా ఆ చన్నుని గంటగంటకీ ఖాళీ చేస్తూ ఉండండి. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి మెత్తగా నూరి రోజుకి ఎనిమిది పది సార్లు పూసే పద్ధతి జాతీయ పాడి అభివృద్ధి బోర్డు వాళ్ళు కూడా చెప్తున్నారు, మా కొట్టంలో వాపు తగ్గడానికి బాగా పనికొచ్చింది, కానీ జ్వరం ఉంటే దీనితోనే సరిపెట్టొద్దు. పొదుగు చల్లబడి నీలంగా మారితే అది ప్రాణం మీదకొచ్చినట్టే, ఒక్క నిమిషం ఆగొద్దు.

ఒక్క చన్నులోంచే సన్నటి ధార

చన్ను లోపల కండ పెరగడమో, పాత దెబ్బ మచ్చ కట్టడమో. వేళ్ళ మధ్య చన్నుని నలిపి చూస్తే శనగ్గింజలా తగులుతుంది. చీపురుపుల్ల, ఈక, సూది ఏదీ లోపలికి పెట్టొద్దు. అలా పెట్టి చన్ను పూర్తిగా పోగొట్టుకున్న గేదెల్ని చూశా. డాక్టరు దగ్గర దానికి సరైన పరికరం ఉంటుంది.

మిగతావి

ఈనిన కొత్తలో పాలు గులాబీ రంగులో వస్తే చిన్న రక్తనాళాలు చిట్లడం, ఎక్కువగా కొద్ది రోజుల్లో అదే తగ్గుతుంది. ఈనే ముందు పొదుగు కింద నీరు పట్టి వేలితో నొక్కితే గుంట పడటం మామూలే. ఈనిన మూడు రోజుల్లోపు గేదె లేవలేక మెడ పక్కకి తిప్పి పడుకుంటే అది పాలజ్వరం, అప్పుడు మాత్రం నిజంగా కాల్షియమే కావాలి, అదీ డాక్టరు నరానికి ఎక్కించాలి. అయిదో చన్ను ఉంటే దూడప్పుడే తీయించెయ్యండి.

మా గేదె మూడో ఈత ఈనింది. జున్నుపాలు అయిపోయాక ఎనిమిదో రోజు సాయంత్రం మళ్ళీ నాలుగు గ్లాసులు పెట్టా. మా ఆవిడ పక్కనే టార్చ్ పట్టుకుని నిలబడింది. వెనక ఎడమ చన్ను కుడిదాని కన్నా ఇప్పటికీ అర లీటరు తక్కువే ఇస్తోంది. సర్ఫు నీళ్ళు పోసి తిప్పితే మాత్రం నాలుగూ నీళ్ళలాగే తిరిగాయి.